వాంకూవర్ లో ఫోటో దిగే నాలుగు చోట్లు

ఈసారి వ్యాసం కొంచెం పెద్దది. ఓపికగా చదవండి.

ఎండాకాలం వస్తే మా గుడికి ఇండియా నుంచి చాలామంది అమ్మానాన్నలు వస్తారు. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళిపోతే, పగలంతా ఇంట్లో కూర్చోలేక పెద్దవాళ్ళు గుడికి వస్తారు. వంటింట్లో కూరలు తరుగుతారు, పూలు కడతారు. వాళ్ళని ఊరు చూపించడానికి తీసుకెళ్ళడం మా వాలంటీర్లలో నా వంతు. రిటైర్ అయ్యాను, కారు ఉంది, మాట్లాడటం ఇష్టం. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు అక్షరాలు అరవై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఈ ఊరి కథ తెలుగులో చెప్పడం కూడా ఈ పెద్దవాళ్ళతో తిరుగుతూనే నేర్చుకున్నాను.

అందరూ ఫోటో దిగే చోట్లు నాలుగు. వాటి వెనక ఏముందో రాస్తున్నాను.

మొదటిది గడియారం. గ్యాస్‌టౌన్ లో రోడ్డు మూల మీద ఉంటుంది. పైనుంచి ఆవిరి వస్తుంది, ప్రతి పావుగంటకీ ఈల వేస్తుంది. అందరూ అది విక్టోరియా రాణి కాలం నాటిది అనుకుంటారు. పెట్టింది 1977 లో. నాకంటే చిన్నది అంటే నవ్వుతారు. అసలు ఈ నగరమే చిన్నది. 1886 ఏప్రిల్ లో వాంకూవర్ నగరం అయింది. అదే ఏడు జూన్ 13 న దాదాపు ఊరంతా కాలిపోయింది. గంట కూడా పట్టలేదు. గ్యాస్‌టౌన్ లో కనిపించే పాత ఇటుక కట్టడాలు ఆ మంట తర్వాత కట్టినవే. చార్మినార్ 1591 నాటిది కదా, అక్కడి నుంచి వచ్చినవాళ్ళు "ఇక్కడ చరిత్ర ఏముంది బాబూ?" అంటారు. జవాబు రెండో చోట ఉంది.

రెండోది స్టాన్లీ పార్క్. వెయ్యి ఎకరాల అడవి, మూడు పక్కలా నీళ్ళు. 1888 సెప్టెంబర్ లో తెరిచారు. అందులో బ్రాక్టన్ పాయింట్ దగ్గర రంగులు వేసిన ఎత్తైన చెక్క స్తంభాలు ఉన్నాయి. వాటిని టోటెం పోల్స్ అంటారు. చూడగానే మన పెద్దవాళ్ళలో ఒకరైనా "ధ్వజస్తంభం" అంటారు. ఒకావిడ చెప్పులు కూడా విప్పారు. ఆ మర్యాద నాకు నచ్చింది, కానీ మాట సరిపోదు. ధ్వజస్తంభం దేవుడి ఎదురుగా ఉంటుంది. టోటెం పోల్ కి పూజ చెయ్యరు. అది ఒక కుటుంబం తన వంశం గురించి చెప్పుకునే కథ. గద్ద, ఎలుగుబంటి, తిమింగలం - ఇవన్నీ ఆ వంశానికి హక్కు ఉన్న గుర్తులు. ఒకరి గుర్తుని ఇంకొకరు ఊరికే చెక్కించుకోకూడదు. చదవడం రానివాళ్ళకి అది బొమ్మ. వచ్చినవాళ్ళకి దస్తావేజు. ఆలస్యంగా అక్షరాలు దిద్దినవాణ్ణి కనక ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఇంకో సంగతి. ఇవి ఈ చోటి స్తంభాలు కావు. 1920 ల్లో పార్కు వాళ్ళు ఉత్తరాన అలర్ట్ బే నుంచి కొన్ని స్తంభాలు కొని తెచ్చారు. అలా మొదలైంది ఈ సేకరణ. తర్వాత చాలా పాత స్తంభాలు మ్యూజియంలకి వెళ్ళాయి, వాటి బదులు కొత్తవి చెక్కించారు. ఈ నేల మస్క్విమ్, స్క్వామిష్, స్లేవాటూత్ జనాలది. వాళ్ళ చెక్కడం వేరు. ఇంటి దూలాలు మోసే స్తంభాలూ, అతిథుల్ని పిలిచే మనిషి రూపాలూ చెక్కేవారు. పార్కు ఉన్న చోటే వాళ్ళ ఊరు ఒకటి ఉండేది. తెలుగులో దగ్గరగా రాస్తే దాని పేరు ఖ్వాయ్‌ఖ్వాయ్. 1888 లో పార్కు చుట్టూ రోడ్డు వేసినప్పుడు ఆ ఊరి మీదుగానే వేశారు. తరతరాలుగా తిని పడేసిన ఆల్చిప్పలు అక్కడ పెద్ద దిబ్బగా ఉండేవి. వాటిని తవ్వి ఆ రోడ్డు మీదే పరిచారు. బ్రాక్టన్ పాయింట్ లో కాపురం ఉన్న కుటుంబాలని కూడా కోర్టుకి లాగి ఖాళీ చేయించారు. దూరం నుంచి స్తంభాలు తెప్పించింది కూడా ఆ రోజుల్లోనే. మనుషుల్ని పంపేసి బొమ్మల్ని తెచ్చుకున్నారు. ఇలాంటి స్తంభాలు నిలబెట్టి విందులు చేసి కానుకలు పంచే పాట్లాచ్ అనే వేడుక మీద 1885 నుంచి 1951 దాకా నిషేధం కూడా ఉండేది.

అక్కడ 2009 లో నిలబెట్టిన స్తంభం ఒకటి ఉంది. చెక్కినవారు స్క్వామిష్ జనానికి చెందిన రాబర్ట్ యెల్టన్. వాళ్ళ అమ్మ రోజ్ గారు ఆ పాయింట్ లో ఉన్న ఆఖరి మనుషుల్లో ఒకరు. ఒక్క ఫోటోయే దిగాలంటే దాని పక్కన దిగమంటాను.

మూడోది ఒక రైలు ఇంజన్. నంబర్ 374. యేల్‌టౌన్ లో రౌండ్‌హౌస్ దగ్గర అద్దాల గదిలో నల్లగా మెరుస్తూ ఉంటుంది. రైల్వేలో పని చేసినవాళ్ళు వస్తే అక్కణ్ణుంచి ఒక పట్టాన కదలరు. 1887 మే 23 న వాంకూవర్ కి మొదటి ప్రయాణికుల రైలుని లాక్కొచ్చింది ఇదే. ఈ ప్రావిన్స్ లో కొండలు తొలిచి ఆ దారి వేసినవాళ్ళలో వేలాదిమంది చైనా కూలీలు. రైలు దారి 1885 లో పూర్తయింది. అదే ఏడు వాళ్ళ మీద తలపన్ను వేశారు. దేశంలోకి వచ్చే చైనా మనిషికి తలకి 50 డాలర్లు. తర్వాత 100 అయింది, 1903 లో 500 అయింది. 1923 లో తలుపు దాదాపు పూర్తిగా మూసేశారు, 1947 దాకా తెరవలేదు.

ఆ కథకి సాక్షి చైనాటౌన్ లో పెండర్ వీధిలో ఉంది. 1913 నాటి సామ్ కీ భవనం. రోడ్డు వెడల్పు చెయ్యడానికి నగరం వాళ్ళు స్థలంలో చాలా భాగం తీసుకున్నారు. మిగిలిన ముక్కని ఆ చైనా వ్యాపారి వదల్లేదు. అయిదడుగుల లోపు మందంలో అక్కడే దుకాణాలు కట్టించాడు. మనవాళ్ళు చేతులు చాపి కొలుచుకుంటారు. పట్టుదల అనే మాటకి అర్థం చెప్పమంటే నేను ఈ భవనం చూపిస్తాను.

నాలుగోది కోల్ హార్బర్ ఒడ్డు. కెనడా ప్లేస్ తెల్ల తెరచాపలు, కొండలు, నీళ్ళ మీద దిగే చిన్న విమానాలు. ఫోటోలు బాగా వస్తాయి. ఆ ఒడ్డునే 2012 లో కట్టిన ఒక స్మారకం ఉంది. అక్కడ నేను కెమెరాలు లోపల పెట్టమంటాను.

మళ్ళీ మే 23, ఈసారి సంవత్సరం 1914. కొమగాట మారు అనే జపాన్ ఓడ ఈ నీళ్ళలో లంగరు వేసింది. అందులో 376 మంది ఇండియా వాళ్ళు. ఎక్కువమంది పంజాబీ సిక్కులు, కొద్దిమంది ముస్లింలు, హిందువులు. ఓడ అద్దెకి తీసుకున్నాయన గుర్దిత్ సింగ్. అప్పటి రూలు ఏమిటంటే, పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే టికెట్ మీద రావాలి. ఇండియా నుంచి కెనడాకి నేరుగా వచ్చే ఓడే లేదు. రూల్లో ఇండియా పేరు ఎక్కడా ఉండదు. అయినా ఎవరి కోసం రాశారో అందరికీ తెలుసు.

రెండు నెలలు ఓడ అలాగే ఉంది. ఇదివరకే ఇక్కడ ఉన్నవాళ్ళూ, ఇంకొందరూ కలిసి 24 మందిని మాత్రం దిగనిచ్చారు. మిగతావాళ్ళకి ఒడ్డు కనిపిస్తూనే ఉంది. ఒడ్డు మీద సిక్కులకి 1908 లో కట్టుకున్న చిన్న గురుద్వారా ఉండేది. వాళ్ళలో చాలామంది రంపపు మిల్లుల్లో కూలీలు. వాళ్ళే చందాలు పోగుచేసి ఓడ అద్దె కట్టారు, లాయర్ ని పెట్టారు. మా గుడిలో నేను కుర్చీలు వేస్తాను, పార్కింగ్ చూస్తాను, పులిహోర వడ్డిస్తాను. గుడి వాలంటీరు పని అంటే ఎంత దూరం వెళ్ళగలదో నాకు ఈ చరిత్ర చదివాకే అర్థమైంది.

జూలై 23 న యుద్ధనౌక రెయిన్‌బో కాపలాతో ఓడని వెనక్కి పంపేశారు. సెప్టెంబర్ 29 న కలకత్తా దగ్గర బజ్‌బజ్ లో దిగినప్పుడు బ్రిటిష్ వాళ్ళు కాల్పులు జరిపారు. ఇరవై మంది దాకా చనిపోయారు.

"పంజాబీల కథ కదా, మనకేంటి?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ అవమానాలకి మండిపడ్డవాళ్ళే ఈ పడమటి తీరంలో గదర్ పార్టీ నడిపారు. అందులో మన కనిగిరి ప్రాంతం మనిషి దరిశి చెంచయ్య గారు ఉన్నారు. కాలిఫోర్నియాలో చదువుకుంటూ చేరారు. ఆయన ఆత్మకథ తెలుగులోనే ఉంది. నేను ఇంకా నెమ్మదిగా చదువుతున్నాను.

రెండో జవాబు ఓటు. 1907 లో ఈ ప్రావిన్స్ ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఓటు తీసేసింది. 1947 లో గానీ తిరిగి రాలేదు. నలభై ఏళ్ళు అడిగి సంపాదించారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చాం.

ఆ మధ్య మా గుడికి వచ్చే ఒక అమ్మాయికి కాన్పు. వాళ్ళ అమ్మకి వీసా రాలేదు. మా ఆడవాళ్ళు వంతులు వేసుకుని నెల రోజులు బాలింత పథ్యం వండి పంపారు. ఆ అమ్మాయి తింటూ ఏడ్చేదట. దీన్ని 1914 తో పోల్చను. మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నారు, తమ ఎం.పీ. ఆఫీసుకి వెళ్ళి అడిగారు. ఓటు ఉన్నవాళ్ళు కనక అడగగలిగారు. ఆ ఓటు ఊరికే రాలేదని ఆ అమ్మాయికీ, రేపు ఆ బిడ్డకీ తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

2016 మే 18 న ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో పార్లమెంటులో కొమగాట మారు విషయానికి క్షమాపణ చెప్పారు. చెప్పడానికి 102 ఏళ్ళు పట్టింది.

మీ వాళ్ళు వాంకూవర్ వస్తే ఈ నాలుగూ ఒకే రోజులో చూడొచ్చు. పొద్దున పార్కు, తర్వాత చైనాటౌన్, గడియారం, ఇంజన్. సాయంత్రానికి కోల్ హార్బర్ ఉంచండి. అక్కడ ప్రయాణికుల పేర్లు రాసి ఉంటాయి. మనవల్ని కూడా తీసుకెళ్ళి, ఓ పది పేర్లు పైకి చదివించండి.