తెలుగు నేలపై క్రెడిట్ కార్డు

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశంలో ఈ పనికి ముందుగా పూనుకున్న బ్యాంకుల్లో అదొకటి. నెలనెలా జీతం అందుకునే ఉద్యోగులకు, ఆదాయపు పన్ను రిటర్ను చూపగల వ్యాపారులకు కార్డు తేలిగ్గా దొరికింది. వయసు, చదువు, ఊరు, ఆడా మగా తేడా అన్నీ కార్డుదారుల సంఖ్యలో కనిపిస్తాయి. అయితే బ్యాంకు ముఖ్యంగా చూసేది కాగితం మీద చూపగలిగే ఆదాయం.

నాగర్‌కర్నూల్ జిల్లా తిమ్మాజిపేట వంటి సాగు మండలంలో ఆ కాగితం జీతం చీటీ కాదు, పట్టాదారు పాసు పుస్తకం.

ఆర్.వి. గుప్తా కమిటీ సూచనతో నాబార్డు రూపొందించిన కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. ఎన్ని ఎకరాలు, ఏ పంట అన్న లెక్కతో అప్పు పరిమితి ఖరారవుతుంది. 2012 మార్పులతో ఏటీఎంలో వాడుకునే కార్డుగా మారినా, చాలామంది రైతులకు అది నేటికీ ‘క్రాప్ లోను’, ఏటేటా ‘రెన్యువల్’. గడువులోగా కడితే 3 లక్షల దాకా 4 శాతం వడ్డీయే. లక్షకు ఏడాదికి 4,000 రూపాయలన్నమాట. అదే లక్ష ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెస్తే 24,000 అవుతుంది. కార్డు ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే పత్తి చేనులో ఇంత తేడా!

నిబంధనల ప్రకారం కౌలు రైతులూ అర్హులే. కానీ కౌలు చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది. వారికి రుణ అర్హత కార్డులివ్వాలని 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. పట్టా చేజారుతుందన్న భూయజమానుల భయం అడ్డుపడింది. భూమి ఎక్కువగా మగవారి పేరునే ఉండడంతో పల్లె మహిళలకు బ్యాంకు అప్పు కార్డు ద్వారా కాక పొదుపు సంఘం ద్వారా అందింది. ఇదే ప్రాంతం నుంచి ‘పాలమూరు లేబర్’గా వెళ్లి దేశమంతటా కాలువలు తవ్విన వలస కూలీలకైతే గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే అప్పు. దాన్ని వారు నెలల తరబడి చాకిరీతో తీర్చారు.

2024లో దేశంలో క్రెడిట్ కార్డులు 10 కోట్లు దాటాయి. ఒకరి దగ్గరే రెండు మూడు ఉంటాయి కనుక కార్డుదారులు అంతకన్నా తక్కువ. 2025–26 కేంద్ర బడ్జెట్ కిసాన్ కార్డుపై వడ్డీ రాయితీ పరిమితిని 5 లక్షలకు పెంచుతామని ప్రకటించింది. ఆ మేలు కౌలు రైతుకూ దక్కాలంటే ముందు అతని సాగును రికార్డుకెక్కించాలి.