లాంచీ కింద ఒక రాజధాని: నాగార్జునకొండ కథ

మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కగానే మనం ఏం చేస్తాం? ఫోన్ తీస్తాం, రీల్ మొదలెడతాం. చుట్టూ కొండలు, మధ్యలో కృష్ణమ్మ. మొదటిసారి నేనూ అదే చేశా. పక్కన కూర్చున్న మా తాతయ్య మాత్రం నీళ్లవైపే చూస్తూ, "దీని కింద ఊళ్లు ఉండేవిరా" అన్నారు. ఏవో పల్లెటూళ్లు అనుకున్నా. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, అక్కడ మునిగింది ఒక రాజధాని కూడా అని.

శాతవాహనుల తర్వాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఇక్కడి నుంచే పాలించారు. నగరం పేరు విజయపురి. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క నది. కోట, స్నానఘట్టాలు, చుట్టూ రాతి మెట్ల మీద కూర్చుని చూసే ప్రేక్షకశాల అన్నీ ఉండేవి. తొలి రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన తోబుట్టువు శాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దానాలిచ్చింది. శ్రీలంక భిక్షువుల కోసం సింహళ విహారం కూడా కట్టారు. అంటే అప్పట్లోనే పల్నాడుకి ఫారిన్ నుంచి జనం వచ్చేవాళ్లన్నమాట!

తర్వాత నగరం మట్టిలో కలిసిపోయింది. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక టీచర్ అక్కడి పాత స్తంభం గురించి ప్రభుత్వానికి చెప్పారు. 1926లో శాసనాల శాఖ ఉద్యోగి రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. అలా ప్రపంచానికి తెలిసింది.

ముప్పై ఏళ్లు కూడా తిరక్కుండానే డ్యామ్ వచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కి శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయం. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం టీమ్ లోయంతా తవ్వింది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, సర్వర్ ఆపేసే డేట్ ముందే ఫిక్స్, ఆలోపు బ్యాకప్ తీసుకోవాలి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి కొండమీద, అనుపులో మళ్లీ పేర్చారు. మిగతాది నీళ్లకిచ్చేశారు. లోయలోని పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ల జనం ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిపోయారు.

మరి డ్యామ్‌ని తిట్టుకోవాలా? నావల్ల కాదండి. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నరసరావుపేట దగ్గర మా పొలం తడిసేది ఆ కుడికాలువతోనే. అంతకుముందు వానే దిక్కు అనేవారు తాతయ్య. ఆ పొలం మీద వచ్చిన డబ్బుతోనే నేను బీటెక్ చదివా. అంటే ఆ ఊళ్లవాళ్లు వదులుకున్నదాంట్లో నా ఫీజు కూడా ఉంది. ఇది తెలిశాక లాంచీలో రీల్ తీయాలంటే చెయ్యి కాస్త ఆగింది.

అందుకే ఈసారి వెళ్తే ఇలా చూడండి. కొండమీద మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంటుంది. ముందు దాని దగ్గర ఆగండి, ఏది ఎక్కడుండేదో అర్థమవుతుంది. తర్వాత స్నానఘట్టం మెట్లు చూడండి. ఒకప్పుడు నది ఒడ్డున ఉన్నవి, ఇప్పుడు కొండెక్కి కూర్చున్నాయి! తిరిగొచ్చాక అనుపు ప్రేక్షకశాల మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. టైం ఉంటే చంద్రవంక మీది ఎత్తిపోతల జలపాతం కూడా దగ్గరే. లాంచీలు నడుస్తున్నాయో లేదో మాత్రం బయల్దేరే ముందే కనుక్కోండి.

రీల్ తీయొద్దని నేను అనను. తీయండి. కానీ క్యాప్షన్‌లో విజయపురి పేరు పెట్టండి, పుల్లారెడ్డిగూడెం పేరు కూడా. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఆ లోయ నుంచి వచ్చినవాళ్లా? అయితే వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి ఉంచండి. ఆ బ్యాకప్ ఇంకా పూర్తి కాలేదు. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!