అర పాయింటు తేడా: 1966 సాంటా మోనికా గ్రాండ్‌మాస్టర్ల చదరంగం పోటీ

చదరంగం అనగానే మనలో చాలామందికి 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో బాబీ ఫిషర్, బోరిస్ స్పాస్కీల మధ్య జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ గుర్తుకొస్తుంది. అంతకు ఆరేళ్ళ ముందు ఆ ఇద్దరూ అమెరికా గడ్డ మీదే, కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో, ఒక టోర్నమెంటు మొదటి బహుమతి కోసం చివరి రోజు దాకా పోటీపడ్డారు. ఆ టోర్నమెంటు పేరు రెండవ పియటిగోర్‌స్కీ కప్. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో జరిగిన అతి బలమైన చదరంగం పోటీల్లో ఇదొకటి. ప్రభుత్వమో, పెద్ద కంపెనీయో నిర్వహించిన పోటీ కాదిది. స్వయంగా చదరంగం ఆడే ఒక గృహిణి పట్టుదలతో, ఆమె కుటుంబ ధర్మనిధి డబ్బుతో జరిగింది. ఈ విశేషాలను పాఠకుల కోసం ఇక్కడ సంక్షిప్తంగా అందిస్తున్నాం.

ఎవరీ పియటిగోర్‌స్కీలు?

జాక్వెలిన్ పియటిగోర్‌స్కీ 1911లో పారిస్‌లో, ఐరోపాలో ప్రసిద్ధి చెందిన రోత్‌షీల్డ్ బ్యాంకర్ల కుటుంబంలో పుట్టారు. 1937లో చెల్లో వాద్య విద్వాంసుడు గ్రెగర్ పియటిగోర్‌స్కీని వివాహం చేసుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆ దంపతులు ఫ్రాన్స్ వదిలి అమెరికా వచ్చారు. తర్వాతి రోజుల్లో లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డారు.

జాక్వెలిన్ ఊరికే డబ్బిచ్చి పక్కన కూర్చున్న మనిషి కాదు. 1957లో హాలండ్‌లోని ఎమ్మెన్‌లో జరిగిన మొట్టమొదటి మహిళల చదరంగం ఒలింపియాడ్‌లో అమెరికా జట్టు తరఫున ఆడారు. రెండో బోర్డుపై చూపిన ప్రతిభకు కాంస్య పతకం అందుకున్నారు. బల్ల ముందు కూర్చుని గంటల తరబడి ఆలోచించడంలో ఉన్న కష్టం తెలిసిన మనిషి కాబట్టి, ఆటగాళ్ళకు తగిన గౌరవం, తగిన ప్రతిఫలం దక్కాలన్నది ఆమె పట్టుదల. అప్పట్లో అమెరికాలో చదరంగంతో బతుకు వెళ్ళదీయడం గ్రాండ్‌మాస్టర్లకు సైతం కష్టంగానే ఉండేది.

1961 నాటి గొడవ

1966 పోటీ ప్రాముఖ్యం అర్థం కావాలంటే ఐదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1961లో అమెరికాలోని ఇద్దరు అగ్రశ్రేణి ఆటగాళ్ళు ఫిషర్, శామ్యూల్ రెషెవ్‌స్కీల మధ్య 16 ఆటల పోటీ ఏర్పాటైంది. న్యూయార్క్‌లోను, లాస్ ఏంజెలెస్‌లోను జరిగిన ఈ పోటీకి జాక్వెలిన్ అండగా నిలిచారు. 11 ఆటలు ముగిసేసరికి చెరి ఐదున్నర పాయింట్లతో సమానంగా ఉన్నారు.

రెషెవ్‌స్కీ నిష్ఠగల యూదుడు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు ఆట ముట్టడు. అందువల్ల ఒక ఆటను ఆదివారానికి మార్చారు. ఆ రోజు జాక్వెలిన్ తన భర్త కచేరీకి వెళ్ళాల్సి ఉండటంతో ఆట వేళను ఉదయం 11 గంటలకు జరిపారు. పొద్దున్నే ఆడటం ఇష్టంలేని ఫిషర్ రాలేదు. ఆ ఆట ఓడినట్టు ప్రకటించారు. ఫిషర్ ఆపైన ఆడనన్నాడు. పోటీ మధ్యలోనే ఆగిపోయింది, వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది.

మొదటి కప్: 1963

1963 జూలైలో లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో మొదటి పియటిగోర్‌స్కీ కప్ జరిగింది. ఎనిమిదిమంది గ్రాండ్‌మాస్టర్లు, 14 రౌండ్లు. కొద్ది వారాల క్రితమే బోట్విన్నిక్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన టిగ్రాన్ పెట్రోసియన్, ఎస్తోనియాకు చెందిన పాల్ కెరెస్ చెరి ఎనిమిదిన్నర పాయింట్లతో మొదటి స్థానం పంచుకున్నారు. ఇద్దరూ సోవియట్ యూనియన్ తరఫున వచ్చినవారే. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో, క్యూబా క్షిపణుల సంక్షోభం ముగిసి ఏడాదైనా కాకముందే, ప్రపంచ ఛాంపియన్‌ను అమెరికా రప్పించి ఆడించడం చిన్న సంగతి కాదు.

ఫిషర్‌ను కూడా పిలిచారు గాని, కేవలం పాల్గొనడానికే 2,000 డాలర్లు కావాలని అడిగాడు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. అమెరికా అగ్రశ్రేణి ఆటగాడు లేకుండానే మొదటి కప్ ముగిసింది.

రెండవ కప్: 1966

మూడేళ్ళ తర్వాత జాక్వెలిన్ మళ్ళీ ఫిషర్‌ను ఆహ్వానించారు. ఈసారి అతను ఒప్పుకున్నాడు. పాత గొడవను మనసులో పెట్టుకుని పిలుపు మానేసి ఉంటే ఈ పోటీ చరిత్రలో ఇంతగా నిలిచేది కాదు.

1966 జూలై 17 నుంచి ఆగస్టు 15 వరకు, సాంటా మోనికాలోని మిరమార్ హోటల్లో పోటీ జరిగింది. పదిమంది గ్రాండ్‌మాస్టర్లు. ప్రతి ఒక్కరూ మిగతా తొమ్మిదిమందితో రెండేసి ఆటలు, ఒకసారి తెల్లపావులతో, ఒకసారి నల్లపావులతో ఆడాలి. అంటే మొత్తం 18 రౌండ్లు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర పాయింటు.

బహుమతుల మొత్తం 20,000 డాలర్లు, అందులో మొదటి బహుమతి 5,000. సరిగ్గా ఆ జూన్‌లోనే భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి డాలరుకు ఏడున్నర రూపాయలు చేసింది. ఆ లెక్కన మొదటి బహుమతి 37,500 రూపాయలు! అప్పటికి భారతదేశంలో ఒక్క గ్రాండ్‌మాస్టర్ కూడా లేరు. 1961లో ఇంటర్నేషనల్ మాస్టర్ బిరుదు పొందిన మాన్యుయెల్ ఆరన్ పేరే మనవాళ్ళకు తెలిసిన పెద్ద పేరు.

ఫిషర్ పడి లేచిన వైనం

మొదటి ఐదు రౌండ్లు ఫిషర్ నింపాదిగానే ఆడాడు. ఆ తర్వాత వరుసగా మూడు ఓటములు: డెన్మార్క్‌కు చెందిన బెంట్ లార్సెన్, అర్జెంటీనాకు చెందిన మిగెల్ నైడార్ఫ్, ఆపైన స్పాస్కీ చేతుల్లో. ఎనిమిది రౌండ్లు ముగిసేసరికి ఎనిమిదింట మూడే పాయింట్లు. అట్టడుగు స్థానాన్ని పంచుకుంటూ ఉన్నాడు. సొంత దేశంలో, సొంత ప్రేక్షకుల ముందు, 23 ఏళ్ళ కుర్రవాడికి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

అతని స్వభావం తెలిసినవారు మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోతాడని అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. ఫిషర్ వెళ్ళలేదు. 9వ రౌండు నుంచి 16వ రౌండు వరకు ఎనిమిది ఆటల్లో ఏడు పాయింట్లు రాబట్టాడు. అందులో ఆరు గెలుపులు, రెండు డ్రాలు. తనను ఓడించిన లార్సెన్, నైడార్ఫ్‌లిద్దరినీ ఓడించి బాకీ తీర్చుకున్నాడు. 16 రౌండ్లు పూర్తయ్యేసరికి స్పాస్కీ, ఫిషర్ పదేసి పాయింట్లతో సమానం!

17వ రౌండులో ఇద్దరూ ముఖాముఖి. ఫిషర్‌కు తెల్లపావులు. స్పాస్కీ తన ప్రియమైన మార్షల్ ఎటాక్‌తో ఎదుర్కొన్నాడు. ఆట డ్రా అయింది. చివరి రౌండులో స్పాస్కీ డచ్ ఆటగాడు డోనర్‌ను ఓడించాడు. ఫిషర్ పెట్రోసియన్‌తో డ్రాకు మించి సాధించలేకపోయాడు. అర పాయింటు తేడాతో కప్ స్పాస్కీకి దక్కింది.

తుది ఫలితాలు (18 పాయింట్లకు):

1. బోరిస్ స్పాస్కీ (సోవియట్ యూనియన్): 11½
2. బాబీ ఫిషర్ (అమెరికా): 11
3. బెంట్ లార్సెన్ (డెన్మార్క్): 10
4–5. లాయోష్ పోర్టిష్ (హంగరీ), వోల్ఫ్‌గాంగ్ ఉంజికర్ (పశ్చిమ జర్మనీ): 9½
6–7. టిగ్రాన్ పెట్రోసియన్ (సోవియట్ యూనియన్), శామ్యూల్ రెషెవ్‌స్కీ (అమెరికా): 9
8. మిగెల్ నైడార్ఫ్ (అర్జెంటీనా): 8
9. బోరిస్లావ్ ఇవ్‌కోవ్ (యుగోస్లావియా): 6½
10. యాన్ హైన్ డోనర్ (హాలండ్): 6

ఈ పట్టికలో ఒక చిత్రం గమనించండి. ఫిషర్ ఏడు ఆటలు గెలిచాడు, స్పాస్కీ గెలిచినవి ఐదే. కాని స్పాస్కీ ఒక్క ఆట కూడా ఓడలేదు. 13 డ్రాలు, ఐదు గెలుపులు. ఎక్కువ ఆటలు గెలిచినవాడు రెండో స్థానంలో, అసలు ఓడనివాడు మొదటి స్థానంలో నిలిచారు.

చిరస్థాయిగా నిలిచిన ఒక ఆట

ప్రపంచ ఛాంపియన్ పెట్రోసియన్‌కు రక్షణలో సాటిలేడని పేరు. అటువంటి వాడిని లార్సెన్ ఈ పోటీలో రెండుసార్లూ ఓడించాడు. ఏడో రౌండులో, 25వ ఎత్తులో లార్సెన్ తన మంత్రిని తీసుకెళ్ళి శత్రురాజు ముందున్న బంటు మీద పడవేశాడు. మంత్రిని తీసుకున్నాక పెట్రోసియన్‌కు ఊపిరాడలేదు. శకటంతో రాజుకు చెక్, వెనకే ఏనుగుల దాడి. 30 ఎత్తుల్లో ఆట ముగిసింది. మంత్రి బలి గురించి రాసే పుస్తకాల్లో ఈ ఆటకు చోటు ఉంటుంది. ఇంట్లో చదరంగం నేర్చుకుంటున్న పిల్లలుంటే ఈ ఆటను బల్ల మీద ఎత్తు ఎత్తుగా ఆడి చూపించండి. మీకూ సరదాగా ఉంటుంది.

పోటీ నిర్వాహకుడు, అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ ఐజాక్ కాష్డన్ సంపాదకత్వంలో 1968లో ఈ పోటీ పుస్తకం వెలువడింది. ఆడినవారే తమ ఆటలకు వ్యాఖ్యలు రాయడం దాని ప్రత్యేకత. గెలిచిన మనిషి, ఓడిన మనిషి ఒకే ఆటను ఎలా చూశారో తెలుసుకునే అవకాశం ఇలాంటి పుస్తకాల్లోనే దొరుకుతుంది.

ఆ తర్వాత

స్పాస్కీ 1969లో పెట్రోసియన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1972లో ఫిషర్ 12½–8½ తేడాతో స్పాస్కీ నుంచి ఆ కిరీటం తీసుకున్నాడు. ఆ పోటీ కూడా ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు, బ్రిటిష్ వ్యాపారి జిమ్ స్లేటర్ బహుమతి మొత్తాన్ని తన డబ్బుతో రెట్టింపు చేస్తానన్నాకే ఫిషర్ విమానమెక్కాడు. అక్కడా ఒక పోషకుడే ఆటను నిలబెట్టాడు.

మూడవ పియటిగోర్‌స్కీ కప్ జరగలేదు. ఒక్కరి భుజాల మీద నడిచే పనికి ఇదే ఇబ్బంది. గ్రెగర్ 1976లో కన్నుమూశారు. జాక్వెలిన్ నూరేళ్ళు బతికి 2012లో కాలం చేశారు.

అయితే ఆ దారి మూసుకుపోలేదు. సెయింట్ లూయిస్‌లో రెక్స్, జీన్ సింక్‌ఫీల్డ్ దంపతుల అండతో 2008లో చదరంగం క్లబ్బు మొదలైంది. అక్కడ మహిళల కోసం జరిపే పోటీకి జీన్ పుట్టింటి పేరుతో కెయిర్న్స్ కప్ అని పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఆ కప్ మన కోనేరు హంపి గెలుచుకుంది. తొమ్మిదింట ఆరు పాయింట్లు, మొదటి బహుమతి 45,000 డాలర్లు. రెండో స్థానంలో నిలిచిన ప్రపంచ ఛాంపియన్ జు వెన్‌జున్‌కు, హంపికి తేడా ఎంతో తెలుసా? సరిగ్గా అర పాయింటు! చివరి రౌండులో హంపి ఎదుట కూర్చున్నది గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక. ఆ ఆట డ్రా అయింది. అమెరికా నడిబొడ్డున, ఒక అంతర్జాతీయ పోటీ చివరి రోజు, ఒకే బల్లకు అటూ ఇటూ ఇద్దరు తెలుగు ఆడపడుచులు! 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో హంపి రెండవసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. వరంగల్ కుర్రవాడు ఎరిగైసి అర్జున్‌కు 2023లో ఒక సంస్థ ఐదేళ్ళకు 15 లక్షల డాలర్ల సాయం ప్రకటించింది. మరుసటి ఏడాది అతను 2800 రేటింగు దాటాడు.

పూర్వం కవులకు రాజాశ్రయం ఎలాగో ఇప్పుడు ఆటగాళ్ళకు పోషకులు అలాగ. ప్రతిభ ఉన్న పిల్లలు మన ఊళ్ళలోనూ ఉన్నారు, ఇక్కడ మన ఇళ్ళలోనూ ఉన్నారు. కోచింగు ఫీజులు, ప్రయాణాలు, హోటళ్ళు కలిస్తే ఒక మధ్యతరగతి కుటుంబానికి తలకు మించిన భారమే. మనలో రోత్‌షీల్డులు లేకపోవచ్చు. కాని పదిమంది కలిస్తే ఒక పిల్లవాడి ఏడాది ప్రయాణ ఖర్చు పెద్ద లెక్క కాదు. జాక్వెలిన్ ఒక్కతే మోసిన బరువును సంఘాలు పంచుకుంటే, అది ఒకరితో మొదలై ఒకరితో ఆగిపోయే పని కాకుండా ఉంటుంది. అర పాయింటు తేడాను ఆటగాళ్ళే తేల్చుకుంటారు. వాళ్ళు ఆ బల్ల దాకా చేరేలా చూడటం మాత్రం మన చేతుల్లో ఉంది.