ఇంటనున్న వీణ యేనాటిది?

మన యూళ్లలో పాత లోగిళ్ల యటుకలమీద, గుడ్డసంచిలో మూటగట్టబడి, తీగలు తెగిన వీణయో ఫిడేలో యొకటి యుండుట యరుదు కాదు. వాయించినవారు గతించిరి. మిగిలినవారి నోట వినవచ్చు మాట యొక్కటే: "ఇది రాయలవారి కాలపుది." పంపకముల వేళ నీ మాటకే వెల కట్టవలసివచ్చును. అప్పుడు పెద్దమనుష్యులుగా మిమ్ములనే గదా పిలుతురు! కావున నట్టి వాద్యమును జూచునపుడు దేనిని నమ్మవచ్చునో, దేనిని నమ్మరాదో కొంత మనవి చేయుచున్నాను.

మొదట రాయలవారి మాట. కృష్ణదేవరాయలు 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించునాటికి వీణపై మెట్లమర్చు పద్ధతులు పెక్కులుండెను. ఒక్క రాగమునకు దగినట్లు మెట్లు పెట్టిన వీణ వేఱు, సర్వరాగములకు జెల్లు వీణ వేఱు అని యాతడు భేదము చెప్పినాడు. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు స్థిరముగా నిలిపిన నేటి వీణ, తంజావూరి నేలిన తెలుగుఱేడు రఘునాథ నాయకుని కాలమున (1600–1634) రూపు దాల్చినదని సంగీత చరిత్రకారుల మతము. కనుక 24 మెట్ల వీణను జూపి రాయలవారి పేరెత్తుట పొసగదు.

ఇక కాండము. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో సర్వసిద్ధివారు కుండను, దండిని ఒకే పనసదుంగనుండి తొలిచి చేయుట సంప్రదాయము. దానినే యేకాండ వీణ యందురు. తంజావూరి వీణలలో నేకాండములును గలవు. కుండ, దండి, యాళిముఖము వేర్వేరుగా జెక్కి యతికినవియు గలవు. అతుకున్నదో లేదో చూచుటకు కుండయు దండియు గలియు చోట కొయ్యచాఱలు తెగక సాగినవా యని పరికింపవలెను. ఆ చోటున దంతపు పట్టీ చుట్టియున్నచో దాని యడుగున నతుకుండవచ్చును. ఏకాండమైన నది మిక్కిలి పాతదని కొందఱందురు. అది సరి కాదు. ఏకాండ వీణలు నేడును జేయబడుచున్నవి. పనితీరు చూచి యూరు చెప్పవచ్చును గాని యేడు చెప్పరాదు.

పనసకొయ్య క్రొత్తలో పసుపుగా నుండి, కాలము గడచినకొలది యెఱుపు దిరిగి నల్లబడును. కాని పైపూత యీ రంగును దొంగిలింపగలదు. కావున పూత తగులని చోటు, అనగా బిరడలు దూరు రంధ్రముల లోపలి యంచు, పలక వదలియున్నచో కుండ లోపలి భాగము చూడవలెను.

పలువురు మోసపోవుట యిందే: వీణలో నన్ని యంగములును నేకవయస్కములు కావు. తీగలు తెగినప్పుడెల్ల మాఱును. మసి కలిపిన మైనముపై మెట్లు నిలుచును. ఆ మైనము ఎండకు మెత్తబడి, యేండ్లకు బెళుసెక్కి, కొన్ని సంవత్సరముల కొకమాఱు కరగించి మెట్లను మరల నిలుపవలసియే యుండును. సొరబుర్ర పగిలిన కాగితపుగుజ్జు బుర్రయో రేకు బుర్రయో వచ్చును. బిరడలకు మాఱుగా పండ్లచక్రముల మరలున్నచో నది గడచిన శతాబ్దియందు గాని యటుపిమ్మట గాని చేసిన మార్పు. బుర్ర క్రొత్తదైనంత మాత్రమున వీణ క్రొత్తదని త్రోసివేయరాదు. మెట్లు నిగనిగలాడుచున్నవని సందేహింపను రాదు.

వ్రాత కనబడెనా, అదృష్టమే. పేరును, సంవత్సరమును చెక్కించుకొన్న గృహస్థులు గలరు. కాని సంవత్సరము పేరొక్కటే యున్నచో తొందరపడరాదు. ప్రభవ యన్న 1867 కావచ్చును, 1927 కావచ్చును, 1987 కావచ్చును. తిథివారములు గూడ నున్న పంచాంగ గణితముచే సాధారణముగా ముడి విడును. శాలివాహన శకము వేసియున్నచో 78 కూడవలెను. సంవత్సరాంతపు మాసములైన 79. మా ప్రాంతమున నొక యింట ఇట్టి వ్రాత గల దండిని, పెండ్లికి ముస్తాబు చేయుదుమని గీకించి రంగు పూయించిరి. రంగు బాగుగనే యున్నది. వ్రాత మాత్రము లేదు. ఇప్పుడన్నదమ్ములిరువురును రెండు తేదీలు చెప్పుచున్నారు.

దంతపు పట్టీల విషయమున నొక హెచ్చరిక. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దాని తరువాతి సవరణలనుబట్టి ఏనుగుదంతపు వ్యాపారము నిషిద్ధము. దళారి వచ్చి పట్టీలను మాత్రము ఊడదీసి యిమ్మన్నచో ఇయ్యకుడు.

ఫిడేలు సంగతి వేఱు. అది యూరోపు వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమున వాడినది 19వ శతాబ్ది తొలిపాదమునకు సమీపమున. మన యిండ్లలోని ఫిడేళ్లలో పెక్కింటి లోపల స్ట్రాడివారి పేరుగల చీటీ కనబడును. ఇటలీలో క్రెమోనా పట్టణపు శిల్పియైన యతడు 1737లో గతించెను. అతని మచ్చు ననుసరించి జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, ఫ్రాన్సులోని మిర్‌కూర్ పట్టణములలో వేలకొలది ఫిడేళ్లు చేసి, అతని పేరు చీటీయే యంటించి చౌకగా నమ్మిరి. ఆ చీటీపై "మేడిన్ జర్మనీ" యని యింగ్లీషున నున్నచో, విదేశపు సరకుపై దేశనామ ముండవలెనని ఇంగ్లండు చట్టము చేసిన 1887 తరువాతిదని సాధారణముగా నెంచవచ్చును. చెకోస్లొవేకియా పేరున్నచో 1918కి పూర్వపుది కానేరదు, ఏలయన నా దేశ మప్పుడే పుట్టినది. అట్టి ఫిడేలు పలుకుటకు మంచిదే కావచ్చును. పంపకములలో మాత్రము దానికి స్ట్రాడివారి వెల కట్టరాదు.