కౌన్సిళ్లను కదిలించిన అర్జీలు

ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ వ్యవస్థ 1974 చట్టంతో పుట్టింది. మొదట్లో ఫిర్యాదుదారులు నేరుగా వెళ్లే వీల్లేదు; అర్జీ కౌన్సిలర్ చేతుల మీదుగానే పోవాలి. 1988 చట్టంతో ఆ అడ్డు తొలగింది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు కౌన్సిల్ 20 వారాల్లో విద్యా ప్రణాళిక ఖరారు చేయాలన్న నిబంధన 2014లో వచ్చింది. గడువులు దాటాయి, ఫిర్యాదులు పెరిగాయి. ఈ ప్రణాళికలపై తొలి 100 విచారణల లెక్కను అంబుడ్స్‌మన్ 2017లో తీస్తే, దాదాపు 80 శాతంలో ఫిర్యాదుదారులదే న్యాయమని తేలింది.

తప్పు తేలినప్పుడు అంబుడ్స్‌మన్ చేసే సిఫారసులు కోర్టు తీర్పులు కావు. అయినా కౌన్సిళ్లు దాదాపు అన్నిటికీ తలొగ్గుతాయి: కుటుంబానికి క్షమాపణ, బిడ్డ నష్టపోయిన చదువుకు పరిహారం, సిబ్బందికి శిక్షణ. కొన్నిసార్లు అదే తప్పు ఇంకెవరికి జరిగిందో చూడటానికి పాత ఫైళ్లూ తిరగేయాల్సి వస్తుంది. అర్జీ పెట్టని కుటుంబాలకూ మేలు చేసేది ఈ పనే.