తువ్వాల కింద ధర

మొన్నామధ్య ఓ ఆదివారం శంషాబాదులో మా అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా మేనల్లుడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సంగతేంటంటే, వాడు ఆన్‌లైన్లో ఒక ఆట ఆడుతుంటాడు. అందులో రెండు బొమ్మ జంతువుల్ని జతకట్టిస్తే ఒక పిల్ల పుడుతుంది. దాని రంగూ, చారలూ, కొమ్ములూ తల్లిదండ్రుల్ని బట్టి వస్తాయి. ముచ్చటపడినవాళ్ళు ఆటలో సంపాదించిన నాణేలిచ్చి కొనుక్కుంటారు.

"మామా, దీన్ని చెయ్యనీకి మూడు నెలలు పట్టింది. పది వేలకు పెట్టిన. ఒక్కడు కొంటలేడు. గిసొంటిదే ఇంకొకడు యాభై వేలకు పెట్టిండు తెలుసా!"

"వాడిది అమ్ముడుపోయిందా మరి?" అనడిగాను.

"ఏమో, గది కనపడదు."

అసలు రోగం అక్కడే ఉంది. ఆ ఆటలో ఎవరెంత అడుగుతున్నారో కనిపిస్తుంది కానీ, ఎవరెంతకి అమ్మారో కనిపించదు. అడిగేది ఆశ. అమ్మింది ధర. ఈ రెండిటి మధ్య ఎంత దూరముందో తెలియని చోట కొత్తగా వచ్చినవాడే ఎప్పుడూ మోసపోతాడు. సరే, సాఫ్ట్‌వేరు వాడిని కాబట్టి దీన్ని బాగుచెయ్యాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఆలోచిస్తూ పోతే తేలిందేమిటంటే, జంతువుల్ని పెంచి అమ్ముకునేవాళ్ళకి ఈ తలనొప్పి కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉంది. పైగా దానికి దొరికిన మంచి జవాబుల్లో ఒకటి మన తెలుగువాడి చలవే.

పశువుల సంత చూసినవాళ్ళకి తువ్వాల కింద బేరం తెలిసే ఉంటుంది. ఎద్దుల జత పక్కన దళారీ, కొనేవాడు చేతులు కలుపుతారు. పైన తువ్వాల కప్పుతారు. మాటల్లేవు. ఒక వేలు పట్టుకుంటే వందో, వెయ్యో, పదివేలో. అది పశువుని బట్టి ఇద్దరికీ ముందే తెలిసిన లెక్క. కొనేవాడు ఒక వేలు వదిలేస్తాడు, దళారీ తల అడ్డంగా ఊపి మళ్ళీ పట్టిస్తాడు. తర్వాత అదే చెయ్యి, అదే తువ్వాల అమ్మేవాడి దగ్గరికి. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ధర ఎంతో ఒక్కడికీ తెలియదు.

దీన్ని ఉత్త మోసం అని కొట్టిపారెయ్యలేం. అందరి ముందూ ఒకడు తక్కువకి అడిగి పోతే, తర్వాత వచ్చినవాడు అక్కడి నుంచే మొదలుపెడతాడు. బేరం కుదరకపోయినా పశువుకీ, మనిషికీ పరువు దక్కుతుంది. కానీ ఈ ఏర్పాటులో ఆ రోజు సంతలో జరిగిన బేరాలన్నీ తెలిసినవాడు దళారీ ఒక్కడే. రైతు ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి అమ్ముతాడు. దళారీ రోజుకి పది అమ్మిస్తాడు. తెలివితేటల్లో తేడా లేకపోయినా, తెలిసిన సంగతుల్లో ఇంత తేడా ఉన్నాక లాభం ఎటు పోతుందో వేరే చెప్పాలా?

ఇక గుడ్ల కథకొద్దాం. శంషాబాదు దాటి బెంగుళూరు రోడ్డు మీద కొత్తూరు, షాద్‌నగర్ వైపు వెళ్తుంటే అక్కడక్కడా పొడుగాటి రేకుల షెడ్లు కనిపిస్తాయి, గాలి ఇటు తిరిగితే వాసన కూడా తెలుస్తుంది. కోళ్ళ ఫారాలు. గుడ్ల వ్యాపారంలో రైతుకున్న పెద్ద బలహీనత ఏమిటంటే, కోడి ఆగదు. ధర బాగాలేదు కదా అని ఈ వారం గుడ్డు పెట్టొద్దు అంటే వినదు. దాణా ఖర్చు రోజూ పెరుగుతూనే ఉంటుంది. మన ఎండాకాలంలో గుడ్డు దాచుకోవడం కూడా కష్టమే. ఈ సంగతి రైతుకెంత తెలుసో వ్యాపారికీ అంతే తెలుసు.

1980ల మొదట్లో గుడ్డు ధర ఉత్పత్తి ఖర్చు కంటే కిందికి పోయి, దేశంలో ఫారాలు మూసుకునే పరిస్థితి వచ్చింది. ధర చెప్పేది పట్నంలో వ్యాపారి. ఇవాళ పట్నంలో రేటెంత అని తెలుసుకోవాలంటే రైతుకి ఆ గుడ్లు కొనడానికొచ్చిన మనిషినే అడగాల్సిన ఖర్మ. ఇది కూడా తువ్వాల కింద బేరమే, కాకపోతే తువ్వాల కనపడదు. అప్పుడు డాక్టర్ బి.వి. రావు ముందుకొచ్చారు. ఈయన 1971లో పూణేలో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టిన తెలుగువాడు, పూర్తి పేరు బండ వాసుదేవరావు. రాష్ట్రాలు తిరిగి, రైతుల్ని పోగేసి, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడేలా చేశారు. మనవాళ్ళు నెక్ అంటారు. "నా గుడ్డు, నా ధర, నా బతుకు" అన్నది వాళ్ళ నినాదం.

వాళ్ళు చేసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ప్రాంతానికో కమిటీ పెట్టి, 100 గుడ్లకి ఇవాళ్టి ధర ఇదీ అని రోజూ బయటికి చెప్పడం. అది పేపర్లలో రావడం మొదలైంది. షాద్‌నగర్ రైతు హైదరాబాదు ధరా, విజయవాడ ధరా, చిత్తూరు ధరా పక్కపక్కన పెట్టి చూసుకోగలిగాడు. కొనడానికొచ్చినవాడు "మార్కెట్ పడిపోయింది" అంటే "ఎక్కడ పడింది, ఎంత పడింది?" అని ఎదురడగగలిగాడు. ధర మరీ దిగజారినప్పుడు గుడ్లు కొని నిలవ చెయ్యడానికి అగ్రోకార్పెక్స్ అని ఒక సంస్థని కూడా పెట్టుకున్నారు. గుడ్లు తినమని టీవీలో ప్రకటనలిచ్చి గిరాకీ పెంచే పనీ వాళ్ళదే. నా లెక్కలో మాత్రం అన్నిటికంటే పెద్ద పని ఆ రోజువారీ అంకె.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. నెక్ చెప్పేది "సూచించిన ధర". దానికే అమ్మి తీరాలని చట్టమేమీ లేదు. తమిళనాడులో గుడ్లకి పేరుపడ్డ నామక్కల్లో, ప్రకటించిన ధర మీద ఇంత "మైనస్" అని కోసుకుని కొనే అలవాటు చాలాకాలం నడిచింది. అమ్మేవాళ్ళ సంఘం చెప్పే అంకె కాబట్టి అందులో కొంత ఆశ కలిసే ఉంటుంది. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, నెక్ పట్టికల్లో కొన్ని ఊళ్ళకి సూచించిన ధర ఇస్తే, మరికొన్ని ఊళ్ళకి అక్కడ నడుస్తున్న ధర అని వేరుగా ఇస్తారు. ఏది కోరిక, ఏది వాస్తవం అని విడదీసి చెప్పడమన్నమాట. మా వాడి ఆట తయారుచేసినవాళ్ళకి తట్టనిది ఇదే.

అంటే ధరలన్నీ బయటపెట్టేస్తే సరిపోతుందా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాదని క్రిప్టోకిట్టీస్ కథ చెబుతుంది. 2017 నవంబరులో వచ్చిన ఈ ఆటలో బొమ్మ పిల్లుల్ని జతకట్టించి పిల్లల్ని పుట్టించి అమ్ముకోవచ్చు. లావాదేవీలన్నీ ఇథీరియం బ్లాక్‌చెయిన్ మీదే కాబట్టి ఏ పిల్లి ఎంతకి అమ్ముడైందో ప్రపంచంలో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంతకంటే తెరిచిన పుస్తకం ఉండదు. కంపెనీ ప్రతి 15 నిమిషాలకీ ఒక "సున్నా తరం" పిల్లిని వేలానికి పెట్టేది. దాని మొదటి ధర ఎలా వచ్చేదంటే, అంతకు ముందు అమ్ముడైన ఐదు సున్నా తరం పిల్లుల సరాసరికి 50 శాతం కలిపేవాళ్ళు. అక్కడి నుంచి కొనేవాడు దొరికేదాకా ధర దిగుతూ వస్తుంది. చక్కటి పద్ధతి. డిసెంబరుకల్లా జనం ఎగబడి ఇథీరియం మొత్తం నత్తనడక నడిచింది.

ఆ తర్వాత? ధరలు పడిపోయాయి. ఎందుకంటే దాదాపు ఏ రెండు పిల్లులకైనా పిల్లలు పుడతాయి, వాటికీ పుడతాయి, ఒక్కటీ చావదు. ఎన్నిసార్లు కంటే అంత ఎక్కువసేపు ఆగాలని నిబంధన పెట్టారు కానీ, పుట్టినవి పుట్టినట్టే ఉంటాయిగా. 2018లో వచ్చిన యాక్సీ ఇన్ఫినిటీ ఇంకాస్త జాగ్రత్తపడి, ఒక్కో జంతువు ఏడుసార్లే కనాలని హద్దు పెట్టింది. కనడానికి ఎస్.ఎల్.పి. అనే నాణెం ఖర్చవుతుంది. కానీ ఆ నాణెం ఆడేవాళ్ళందరికీ రోజూ వచ్చిపడేది. 2021 జులైలో 30 సెంట్లు దాటిన నాణెం 2022 మధ్యకల్లా ఒక సెంటు కూడా చెయ్యలేదు. ఫిలిప్పీన్స్‌లో ఈ ఆటనే నమ్ముకుని ఇల్లు గడుపుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకది ఆట కాదు.

ఈ సరఫరా సంగతి కోళ్ళవాళ్ళకి ఎప్పుడో తెలుసు. శంషాబాదు నుంచి నగరం వైపు వచ్చే దారిలోనే రాజేంద్రనగర్ ఉంది. అక్కడ 1988లో కేంద్రం కోళ్ళ పరిశోధనా సంస్థ పెట్టింది. పల్లెటూళ్ళో పెరట్లో పెంచుకునే వనరాజా, గ్రామప్రియ కోళ్ళు అక్కడ తయారైనవే. పెరటి నాటుకోడి కంటే బాగా ఎక్కువ గుడ్లు పెడతాయి, చూడటానికి రంగురంగుల నాటుకోళ్ళలాగే ఉంటాయి. అయితే ఇవి వేర్వేరు వరసల్ని కలిపి చేసిన సంకరాలు. ఇంట్లో వాటి గుడ్లనే పొదిగిస్తే పిల్లల్లో ఆ గుణం తగ్గిపోతుంది. మళ్ళీ మంచి పిల్లలు కావాలంటే మళ్ళీ మూలానికే వెళ్ళాలి.

పెద్ద కంపెనీల కోళ్ళలో ఇది ఇంకా గట్టి తాళం. ముత్తాతల తరం, తాతల తరం, తల్లిదండ్రుల తరం, ఆ తర్వాతే ఫారంలో కోడి. తాతల తరం పిల్లల్ని అమ్మేటప్పుడు ఒక వరసలో పుంజులే, ఇంకో వరసలో పెట్టలే ఇస్తారు, కొన్నవాడు ఆ వరసని సొంతంగా నిలబెట్టుకోలేకుండా. ఫారంలో కోడికి కూడా పెట్టే కాలం ఇంతని లెక్కుంది, అది అయిపోగానే మాంసానికి పోతుంది. కాబట్టి కోడిపిల్ల ధర సున్నాకి పడిపోదు. కానీ తాళంచెవి ఎవరి దగ్గరుందో చూశారా? కమ్మీగా పుట్టించే అధికారం ఉన్నవాడి చేతిలోనే ధర ఉంటుంది. ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటే ఒక కథ, ఒక్క కంపెనీ చేతిలో ఉంటే ఇంకో కథ.

శంషాబాదులో కూర్చుని ధరల గురించి మాట్లాడుతూ భూమి ఊసెత్తకపోతే ఎలా? 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైంది, దాదాపు 5,500 ఎకరాల్లో. మన దగ్గర భూమి కొనేటప్పుడు అసలు ధర ఒకటి, దస్తావేజులో రాసేది ఒకటి అన్నది అందరికీ తెలిసిన రహస్యం. స్టాంపు ఖర్చు తగ్గుతుందని ఇద్దరూ సంతోషంగా తక్కువ రాయిస్తారు. ఇది కూడా తువ్వాలే. కానీ ప్రభుత్వం భూమి సేకరించేటప్పుడు పరిహారం దేన్ని చూసి కడుతుంది? 1894 చట్టం కింద మార్కెట్ విలువ తేల్చేటప్పుడు చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలనే ఆధారంగా చూసేవాళ్ళు. 2013 చట్టం అయితే లెక్క కూడా చెప్పింది. గత 3 ఏళ్ళ దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని సరాసరి కట్టాలి, దాన్ని ప్రభుత్వ రేటుతో పోల్చి ఏది ఎక్కువైతే దాన్ని మార్కెట్ విలువగా తీసుకోవాలి. ప్రోగ్రామర్‌గా నాకు ఆ సూత్రం నచ్చింది, ఆ పై సగం తీసుకోవడంలో కొంత దయ ఉంది. కానీ లోపలికి అబద్ధం వేస్తే బయటికి అబద్ధమే వస్తుంది. నిన్న నలుగురు కలిసి దాచిన ధర, రేపు భూమి పోయే ఐదో మనిషి పరిహారాన్ని తగ్గిస్తుంది. దాచినవాడు ఒకడు, నష్టపోయేవాడు మరొకడు.

ఇవన్నీ కలిపి చూస్తే ఆ ఆటకి కావలసినవి నాలుగే అనిపించింది. అడిగిన ధర పక్కనే అలాంటివి చివరగా అమ్ముడైన ధరలు చూపించాలి. అవి కూడా సరాసరి కాకుండా మధ్యలో పడే అంకె చూపించాలి, లేకపోతే ఒకడే రెండు పేర్లతో తనకి తనే లక్షకి అమ్ముకుని అందరికీ టోపీ పెడతాడు. రెండోది, అమ్మేవాళ్ళే కాదు, "ఇలాంటిది కావాలి, ఇంతిస్తాను" అని కొనేవాళ్ళు కూడా రాసుకునే చోటుండాలి. మూడోది, పుట్టడానికి ఎన్ని దారులున్నాయో పోవడానికీ అన్ని ఉండాలి. నాలుగోది కష్టమైనది. కొత్త జంతువుల్ని పుట్టించి అమ్ముకునే కంపెనీయే ధర కూడా చెప్పకూడదు. గుడ్ల రైతులు 1982లో కొట్లాడింది కూడా ధర ఎవరు చెప్పాలన్న దాని గురించే కదా.

ఆట తయారుచేసినవాళ్ళు నా మాట వింటారా, పెడతారా! అందుకని మా వాడికి నేను ఒక నోటు పుస్తకం ఇచ్చాను. వాడి జంతువులాంటివి రోజూ ఎంతకి పెట్టున్నాయో, మర్నాటికి ఏవి మాయమయ్యాయో రాయమన్నాను. కొన్నిటిని అమ్మేవాడే వెనక్కి తీసుకుని ఉండొచ్చు, నిజమే. అయినా రెండు వారాలు రాస్తే ఒక అందాజా వస్తుంది. మొదటి వారం విసుక్కున్నాడు. రెండో వారం ఫోన్ చేశాడు.

"మామా, రెండు వేల లోపు పెట్టినయ్ గంతే పోతున్నయ్. నాది కూడా పద్దెనిమిది వందలకు పోయింది."

"మరి ఆ యాభై వేలది?"

"గది గట్లనే ఉంది!"