పేగు శస్త్రచికిత్స తరువాత రాత్రివేళ విరేచన సమస్యలు

పేగులో కొంత భాగాన్నో, పురీషనాళాన్నో తొలగించాక రాత్రిపూట పదేపదే విరేచనానికి లేవడం, నిద్రలో తెలియకుండా మలం జారడం, పొట్టకు అమర్చిన సంచి నిండి కారడం ఈ సమస్యలలో ముఖ్యమైనవి. పురీషనాళ క్యాన్సర్, పేగు క్షయ, టైఫాయిడ్ వల్ల పేగుకు పడే రంధ్రం, అల్సరేటివ్ కొలైటిస్ వంటి వ్యాధులకు ఈ శస్త్రచికిత్సలు చేస్తారు. మూత్రపిండాల వ్యాధి ప్రబలిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ సమస్య నిద్ర చెడగొట్టడంతోనే ఆగదు, ఒంట్లోని నీటిని కూడా హరించి మూత్రపిండాలకు ముప్పు తెస్తుంది.

కారణాలు

మామూలుగా నిద్రలో పెద్దపేగు కదలికలు బాగా తగ్గుతాయి. పురీషనాళం మలాన్ని తెల్లవారేదాకా నిలిపి ఉంచుతుంది. దాన్ని తొలగిస్తే నిలవ ఉంచే చోటు పోతుంది. మెలకువలో మనం బిగించి ఆపుకునే మలద్వార కండరం నిద్రలో సడలుతుంది. పెద్దపేగు మొత్తం తీసి చిన్నపేగుతోనే లోపల సంచి కుట్టే పద్ధతిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు పార్క్స్, నికోల్స్ 1978లో ప్రచురించారు. ఇది చేయించుకున్నవారిలో చాలామందికి రోజుకు 4 నుంచి 8 విరేచనాలు, రాత్రి ఒకటి రెండు సార్లు లేవడం సాధారణం.

ఆహారం, నీరు

ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరు. శస్త్రచికిత్సలో చిన్నపేగును పొట్టపైకి తెచ్చి సంచి అమర్చిన రోగులకు కొబ్బరి ముక్కలు, జీడిపప్పు, పీచున్న పనస సరిగా నమలకపోతే పేగుకు అడ్డుపడవచ్చు. రాత్రి భోజనం పడుకోవడానికి మూడు నాలుగు గంటల ముందే, మితంగా ముగించాలి. చోడి అంబలి, మజ్జిగ వంటివి పగటిపూటకు మార్చుకోవాలి.

రాత్రి లేవాల్సి వస్తుందన్న భయంతో కొందరు నీళ్లు తాగడమే మానేస్తారు. ఇది ప్రమాదకరం. పొట్టకు అమర్చిన సంచిలోకి రోజుకు ఒకటిన్నర లీటర్లకు మించి పోతుంటే ఒంట్లో నీరు, ఉప్పు తరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అప్పుడు వట్టి నీళ్లు ఎక్కువగా తాగితే నష్టం ఇంకా పెరుగుతుంది, ఓఆర్ఎస్ ద్రావణం కావాలి. కొబ్బరి బోండాం దానికి బదులు కాదు. అందులో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఏది, ఎంత తాగాలో వైద్యులనే అడగాలి.

చికిత్స, జాగ్రత్తలు

విరేచనాలను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్రను పడుకునే ముందు వేసుకోమని వైద్యులు చెప్పవచ్చు. ఇసబ్గోల్ కొందరిలో మలాన్ని చిక్కబరుస్తుంది. మలద్వార కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలి. పొట్టకు అమర్చిన సంచిని మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, పడుకోబోయే ముందు తప్పనిసరిగా ఖాళీ చేయాలి. చర్మం ఒరిసిపోతే నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, మలద్వారం చుట్టూ జింక్ ఆక్సైడ్ లేపనం రాయాలి. పక్కపై రబ్బరు షీటు, గదిలో చిన్న దీపం, మరుగుదొడ్డికి అడ్డులేని దారి ఉండాలి.

జ్వరం, మలంలో రక్తం, మూత్రం తగ్గడం, వాంతులతో పాటు సంచిలోకి ఏమీ రాకపోవడం అత్యవసర లక్షణాలు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్య సదుపాయాలు

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు, విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నాయి. పేదల చికిత్స ఖర్చు భరించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది.

పురీషనాళ శస్త్రచికిత్స తరువాతి ఇబ్బందులను కొలవడానికి డెన్మార్క్ వైద్యులు 2012లో ఐదు ప్రశ్నల పట్టికను ప్రచురించారు. అందులో రాత్రి గురించి విడిగా ప్రశ్న లేదు. అందుచేత రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో, పక్క తడుస్తోందో లేదో రోగే సిగ్గుపడకుండా చెప్పాలి. చాలామందిలో మొదటి ఒకటి రెండేళ్లలో పరిస్థితి మెరుగుపడుతుంది. అంతవరకూ మందు, ఇంటివారి తోడు రెండూ అవసరం.